మునుగోడు రాజకీయం: నీళ్లు, పొత్తులు, మనుషులు

2022 నవంబరులో జరిగిన మునుగోడు ఉప ఎన్నికలో కాంగ్రెస్‌కు 23,906 ఓట్లు వచ్చాయి. డిపాజిట్టు కూడా దక్కలేదు. పదమూడు నెలలు తిరిగేసరికి, 2023 సాధారణ ఎన్నికలో అదే కాంగ్రెస్ 1,19,624 ఓట్లు తెచ్చుకుని 40,590 మెజారిటీతో గెలిచింది. ఉప ఎన్నికలో 86,697 ఓట్లతో రెండో స్థానంలో నిలిచిన బీజేపీ ఈసారి డిపాజిట్టు పోగొట్టుకుంది. ఊళ్లు అవే, ఓటర్లూ దాదాపు వాళ్లే. మధ్యలో మారిందల్లా ఉప ఎన్నికలో బీజేపీ తరఫున, సాధారణ ఎన్నికలో కాంగ్రెస్ తరఫున నిలబడిన కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి మెడలోని కండువా.

అయితే మునుగోడులో మనిషిని చూసే ఓటేస్తారని ఇక్కడితో తేల్చేయలేం. అదే రాజగోపాల్ రెడ్డి 2022లో ఓడిపోయారు. ఆయనకు ఎదురుగా అప్పుడు రాష్ట్ర ప్రభుత్వమంతా నిలబడింది, కమ్యూనిస్టుల ఓటూ అటే మళ్లింది. ఈ నియోజకవర్గం ఎటు మొగ్గుతుందో చెప్పాలంటే మూడు సంగతులు కలిపి చూడాలి: నీళ్ల మీద ఎవరి మాట నమ్మకంగా వినబడుతోంది, ఎర్రజెండా ఎవరి పక్కన ఉంది, నిలబడిన మనిషికి ఊరూరా ఎంత పట్టు ఉంది. పార్టీ జెండా వీటన్నిటి తర్వాతే వస్తుంది. తెలంగాణలోని చాలా గ్రామీణ నియోజకవర్గాలకు ఈ మాట ఎంతో కొంత వర్తిస్తుంది. మునుగోడులో అది అంకెలతో సహా కనబడుతుంది.

ఏడు మండలాలు, రెండు జిల్లాలు

మునుగోడు, చండూరు, మర్రిగూడ, నాంపల్లి, గట్టుప్పల్ మండలాలు నల్లగొండ జిల్లాలో ఉన్నాయి. చౌటుప్పల్, సంస్థాన్ నారాయణపురం యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నాయి. లోక్‌సభ ఎన్నికలొస్తే అన్నీ భువనగిరి కిందికే వస్తాయి. చౌటుప్పల్, చండూరు మున్సిపాలిటీలు. మిగిలిందంతా పల్లెలే.

పల్లెలన్నీ ఒక తీరుగా ఉండవు. చౌటుప్పల్ హైదరాబాద్–విజయవాడ రహదారి మీద ఉంది, రాజధానికి యాభై కిలోమీటర్ల దూరం. మందుల కంపెనీలు, దండుమల్కాపురం పారిశ్రామిక పార్కు అక్కడే. భూమి ధర, కంపెనీలో ఉద్యోగం, కలుషితమవుతున్న భూగర్భ జలం అక్కడి మాటలు. దక్షిణాన మర్రిగూడ, నాంపల్లి వైపు పోతే బోరుబావుల కింద పత్తి, వరి, బత్తాయి తోటలు. అక్కడ ఎక్కడ కూర్చున్నా మాట నీళ్ల మీదికే పోతుంది. నారాయణపురం మండలంలోని పుట్టపాక తేలియా రుమాలుకు పేరున్న ఊరు. గట్టుప్పల్, కొయ్యలగూడెం దాకా మగ్గం చప్పుడు వినబడే ఊళ్లున్నాయి. నేతన్నలు, గౌడులు, గొల్లకురుమలు, ముదిరాజులు కలిస్తే ఓటర్లలో బీసీలదే పెద్ద వాటా.

ఇంకో వర్గం ఉంది, అది ఊళ్లో కనబడదు. హైదరాబాద్‌లో వనస్థలిపురం, హయత్‌నగర్, ఎల్బీనగర్ చుట్టుపక్కల బతుకుతూ ఓటు మాత్రం సొంతూళ్లో ఉంచుకున్నవాళ్లు. పోలింగుకు వీళ్లను బస్సుల్లో, కార్లలో తీసుకురావడం అన్ని పార్టీలకూ పెద్ద పని. 2022లో పోలింగు 93 శాతం దాటడంలో ఈ వలస ఓటు పాత్ర చిన్నది కాదు. చౌటుప్పల్ కూడలిలో సభ పెట్టి నాంపల్లి రైతును, పుట్టపాక నేతన్నను, హయత్‌నగర్‌లో ఉంటున్న ఓటరును ఒకే ప్రసంగంతో ఒప్పించలేరు. అందుకే ఇక్కడ పెద్ద సభ కన్నా ఊరి పెద్దమనిషికి, సర్పంచికి, ఎంపీటీసీకి విలువ ఎక్కువ.

పద్నాలుగు ఎన్నికలు, ఆరుగురు మనుషులు

మునుగోడు నియోజకవర్గం 1967లో ఏర్పడింది. అప్పటి నుంచి ఉప ఎన్నికతో కలిపి 2023 దాకా పద్నాలుగు ఎన్నికలు జరిగితే గెలిచింది ఆరుగురే. కాంగ్రెస్ నాయకుడు పాల్వాయి గోవర్ధన్ రెడ్డి 1967, 1972, 1978, 1983, 1999లో ఐదుసార్లు గెలిచారు. సీపీఐ నుంచి ఉజ్జిని నారాయణరావు 1985, 1989, 1994లో మూడుసార్లు, 2004లో పల్లా వెంకట్ రెడ్డి, 2009లో ఉజ్జిని యాదగిరిరావు గెలిచారు. టీఆర్ఎస్ అభ్యర్థి కూసుకుంట్ల ప్రభాకర్ రెడ్డి 2014లోనూ, 2022 ఉప ఎన్నికలోనూ గెలిచారు. రాజగోపాల్ రెడ్డి 2018, 2023లో గెలిచారు, రెండుసార్లూ కాంగ్రెస్ టికెట్టు మీదే.

ఈ జాబితాలో తెలుగుదేశం లేదు. 1983లో ఎన్టీఆర్ గాలి రాష్ట్రాన్ని ఊపేసినప్పుడు కూడా ఇక్కడ పాల్వాయే నిలబడ్డారు. ఆ తర్వాత తెలుగుదేశం పొత్తులో సీటును సీపీఐకి వదిలేయడంతో ఆ పార్టీకి ఇక్కడ సొంత పునాది పడలేదు. బీజేపీ ఒక్కసారే గెలుపు దరిదాపుల్లోకి వచ్చింది, అదీ 2022లో ఒక నాయకుడు తన మనుషులతో కలిసి వచ్చినప్పుడు. ఆయన వెళ్లిపోగానే ఆ ఓటూ వెళ్లిపోయింది.

కండువాల లెక్క ఇంకొంచెం ముందుకు పోతే తమాషాగా ఉంటుంది. ఉప ఎన్నికలో కాంగ్రెస్ తరఫున నిలబడింది పాల్వాయి కూతురు స్రవంతి. 2023లో రాజగోపాల్ రెడ్డి తిరిగి కాంగ్రెస్‌లోకి రావడంతో ఆమె బీఆర్ఎస్‌గా పేరు మారిన టీఆర్ఎస్‌లోకి వెళ్లారు. కాంగ్రెస్ టికెట్టు ఆశించిన చలమల్ల కృష్ణారెడ్డి బీజేపీలో చేరి ఆ పార్టీ అభ్యర్థి అయ్యారు. ఏడాది వ్యవధిలో మూడు పార్టీల మధ్య నాయకులు ఇలా చోట్లు మార్చుకుంటుంటే కార్యకర్తకు మిగిలే విధేయత తన నాయకుడి మీదనే.

ఎర్రజెండా గెలవదు, గెలిపిస్తుంది

నల్లగొండ తెలంగాణ సాయుధ పోరాటానికి గుండెకాయ. 1952లో ఈ జిల్లా నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు వెళ్లారు. నారాయణపురం పక్కనున్న రాచకొండ గుట్టలు పోరాట దళాలకు ఆశ్రయమిచ్చాయి. ఆ వారసత్వం మునుగోడులో సీపీఐకి ఐదు విజయాలు ఇచ్చింది.

ఆ ఐదు విజయాల వెనుక ఉన్న పొత్తులను కూడా చూడాలి. 1985, 1989, 1994లో సీపీఐ తెలుగుదేశంతో కలిసింది. 2004లో కాంగ్రెస్‌తో, 2009లో మహాకూటమిలో తెలుగుదేశం, టీఆర్ఎస్‌లతో కలిసింది. పొత్తు లేని 1983లోనూ, 1999లోనూ సీటు కాంగ్రెస్‌కు పోయింది. అంటే సీపీఐకి ఇక్కడున్నది సొంతంగా గెలిచేంత బలం కాదు, పక్కన పెద్ద పార్టీ ఉంటే గెలుపుగా మారే బలం. 2014లో ఆ సూత్రం కూడా పనిచేయలేదు. పొత్తులో కాంగ్రెస్ సీటును సీపీఐకి ఇచ్చింది, స్రవంతి తిరుగుబాటు అభ్యర్థిగా నిలబడి రెండో స్థానంలోకి వచ్చారు, తెలంగాణ వచ్చిన ఊపులో ప్రభాకర్ రెడ్డి 38 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు.

అప్పటి నుంచి ఎర్రజెండా గెలవలేదు గానీ గెలిచేవాళ్ల పక్కన ఉంటోంది. 2018లో సీపీఐ కాంగ్రెస్ కూటమిలో ఉంది, రాజగోపాల్ రెడ్డి 22 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. 2022లో సీపీఐ, సీపీఎం రెండూ టీఆర్ఎస్‌కు మద్దతిచ్చాయి, ప్రభాకర్ రెడ్డి 97,006 ఓట్లతో గెలిచారు. 2023లో సీపీఐ మళ్లీ కాంగ్రెస్ వైపు వచ్చింది, కాంగ్రెస్ గెలిచింది. 2022లో మెజారిటీ 10,309. కమ్యూనిస్టుల ఓటు అటు పడకపోతే ఫలితం ఎలా ఉండేదన్న చర్చ ఇప్పటికీ సాగుతోంది.

ఈ పాత్రకు సీపీఐ పెద్ద మూల్యమే చెల్లించింది. ఒకప్పుడు అభ్యర్థిని నిలబెట్టిన పార్టీ ఇప్పుడు ఇతరుల అభ్యర్థికి ఓట్లు సమకూర్చే పార్టీ అయింది. బీజేపీని ఆపడమే ముఖ్యమని 2022లో చెప్పిన మాటలో రాజకీయం ఉంది. కానీ భూమి, కూలి, నీళ్ల మీద పోరాడిన జెండా ఎన్నికల నాడు ఎవరి పక్కన నిలబడాలో తేల్చుకునే జెండాగా మాత్రమే మిగిలితే, కొత్తగా ఓటు హక్కు వచ్చిన యువతకు దానితో పనేముంటుంది? ఈ ప్రశ్నకు నల్లగొండ కమ్యూనిస్టుల దగ్గర ఇంకా జవాబు లేదు.

నీళ్లు: అన్ని ఎన్నికల్లోనూ ఒకటే అజెండా

కృష్ణ మీద నాగార్జునసాగర్ కట్టింది ఈ ఉమ్మడి జిల్లాలోనే. జిల్లాలోని అక్కంపల్లి నుంచి కృష్ణా నీళ్లు పైపుల్లో హైదరాబాద్ పోతాయి. మునుగోడు మాత్రం ఎత్తున ఉంది, కాలువ నీళ్లు సహజంగా పారి ఇక్కడికి రావు. దాంతో ఇక్కడి జనం భూమి లోపలి నీటిని నమ్ముకున్నారు. ఆ నీటిలో ఫ్లోరైడ్ ఉంది. మర్రిగూడ మండలం బట్లపల్లిలో 1945 ప్రాంతంలోనే ఈ జబ్బును గుర్తించారు. వంగిన నడుములు, మెలితిరిగిన కాళ్లు, ముప్పై ఏళ్లకే ముసలితనం మూడు తరాలను పీడించాయి. శివన్నగూడెంకు చెందిన అంశాల స్వామి ఈ బాధకు ముఖమై ప్రధానమంత్రి వాజపేయి దాకా వెళ్లారు. 2023 జనవరిలో ఆయన చనిపోయారు.

ఈ బాధ నుంచి పుట్టిన నిరసనల్లో అన్నిటికన్నా పదునైనది 1996లో వచ్చింది. జలసాధన సమితి పిలుపుతో నల్లగొండ లోక్‌సభ స్థానానికి వందలాది మంది నామినేషన్లు వేశారు, చివరికి బరిలో 480 మంది మిగిలారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది. చివరికి సీపీఐ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. దేశంలో మరికొన్ని చోట్ల కూడా ఆ ఏడాది ఇలాగే జరగడంతో లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్టును 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. నీళ్ల కోసం చేసిన నిరసనకు ఢిల్లీ నుంచి ముందుగా వచ్చిన స్పందన డిపాజిట్టు పెంపు.

తాగునీటి విషయంలో ఆ తర్వాత మార్పు వచ్చింది, దాన్ని ఒప్పుకోవాలి. కృష్ణా నీటి పథకాలు విడతలవారీగా వచ్చాయి. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో ఆవిష్కరించారు. రాష్ట్రంలో ఫ్లోరైడ్ బాధిత ఆవాసాలు 967 నుంచి సున్నాకు వచ్చాయని 2020లో కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. కొత్తగా పుట్టిన పిల్లల్లో ఆ వంకర కాళ్లు కనబడకపోవడం చిన్న విషయం కాదు. అయితే అప్పటికే ఎముకలు ముదిరిన వాళ్లకు వైద్యం, పింఛను, పునరావాసం ఇప్పటికీ సరిగా అందలేదు. చౌటుప్పల్‌లో ఫ్లోరైడ్ పరిశోధన కేంద్రం పెడతామని జె.పి.నడ్డా కేంద్ర మంత్రిగా ఇచ్చిన హామీ నెరవేరలేదు. ఉప ఎన్నికలో టీఆర్ఎస్ దాన్నే ఆయుధం చేసుకుంది.

సాగునీటి కథ ఇంకా సగంలోనే ఉంది. డిండి ఎత్తిపోతలకు 2015లో మర్రిగూడ మండలం శివన్నగూడెం దగ్గర శంకుస్థాపన జరిగింది. అందులో భాగమైన చర్లగూడెం రిజర్వాయరు కింద భూములు, ఊళ్లు కోల్పోయిన జనం పరిహారం కోసం ఉప ఎన్నిక సమయంలోనూ దీక్షలు చేశారు. శ్రీశైలం నుంచి నీళ్లు తేవాల్సిన ఎస్ఎల్‌బీసీ సొరంగం పొడవు దాదాపు 44 కిలోమీటర్లు. రెండు దశాబ్దాలుగా తవ్వుతున్న ఆ సొరంగంలో 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలి ఎనిమిది మంది చిక్కుకుపోయారు, పని మళ్లీ ఆగింది. బ్రాహ్మణవెల్లెంల ఎత్తిపోతలను 2024 డిసెంబరులో ప్రారంభించారు. దాని నీళ్లు మునుగోడు పొలాలకు ఎంత చేరతాయన్నది పిల్ల కాలువలు తవ్వేదాకా తేలదు.

ఈ పనులన్నిటిలో ఒక పోలిక ఉంది. తాగునీళ్లు వచ్చాయి, ఎందుకంటే వాటికి పైపులు వేస్తే చాలు, కొన్నేళ్లలో ఫలితం చూపించవచ్చు. సాగునీళ్లకు రిజర్వాయరు, సొరంగం, భూసేకరణ, పరిహారం అన్నీ కావాలి. ఇరవై ఏళ్లు పడుతుంది. ఎమ్మెల్యే చేతిలో ఉండేది ఐదేళ్లు. దీంతో ప్రతి ప్రభుత్వమూ శిలాఫలకం వేస్తుంది, తర్వాతి ప్రభుత్వం కొత్త శిలాఫలకం వేస్తుంది. పాతది పూర్తి చేయడం ఎవరి ఖాతాలోకీ రాదు.

2022: పల్లె మీదికి రాష్ట్రమంతా దిగిన కాలం

2022 ఆగస్టులో రాజగోపాల్ రెడ్డి కాంగ్రెస్‌కు, ఎమ్మెల్యే పదవికి రాజీనామా చేసి 21న అమిత్ షా సభలో బీజేపీలో చేరారు. అంతకు ముందు రోజే అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ మునుగోడులో సభ పెట్టారు. నవంబరు 3న పోలింగు. బరిలో 47 మంది. ఆ మూడు నెలల్లో ఒక గ్రామీణ నియోజకవర్గం మీద ఎంత అధికారం, ఎంత సొమ్ము కుమ్మరించవచ్చో రాష్ట్రం చూసింది.

అధికార పార్టీ మంత్రులను, ఎమ్మెల్యేలను ఊళ్లవారీగా పంచేసింది. ముఖ్యమంత్రి స్వయంగా మర్రిగూడ మండలం లెంకలపల్లి ఇన్‌చార్జి అయ్యారు. కేటీఆర్‌కు గట్టుప్పల్, హరీశ్‌రావుకు మర్రిగూడ. గట్టుప్పల్ మండలం ఉప ఎన్నికకు ముందే ఏర్పడింది. గొల్లకురుమలకు గొర్రెల పథకం కింద ఖాతాల్లో వేసిన డబ్బు ఫిర్యాదులతో స్తంభించిపోయింది. మంత్రి జగదీశ్ రెడ్డి ప్రచారంపై ఎన్నికల సంఘం 48 గంటల నిషేధం పెట్టింది. రాజగోపాల్ రెడ్డి కుటుంబ కంపెనీకి దక్కిన భారీ కాంట్రాక్టు కోసమే ఈ ఎన్నిక వచ్చిందని టీఆర్ఎస్, కాంగ్రెస్ ఆరోపించాయి, ఆయన ఖండించారు. కొత్త ఓట్ల కోసం పాతిక వేల దాకా దరఖాస్తులు వచ్చాయని బీజేపీ హైకోర్టుకెక్కింది.

గుర్తుల గొడవ మరొకటి. 2019 భువనగిరి లోక్‌సభ ఎన్నికలో రోడ్డు రోలరు గుర్తుకు 27 వేలకు పైగా ఓట్లు పడ్డాయి, టీఆర్ఎస్ ఐదు వేల పైచిలుకు ఓట్లతో ఓడింది. కారును పోలిన గుర్తుల వల్లే ఓడామన్నది ఆ పార్టీ వాదన. మునుగోడులో ఒక అభ్యర్థికి వచ్చిన రోడ్డు రోలరును రిటర్నింగ్ అధికారి మార్చేశారు. ఎన్నికల సంఘం దాన్ని తిరిగి ఇప్పించి అధికారినే మార్చింది.

అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు పరిమితి 40 లక్షల రూపాయలు. ఓటుకు వేలల్లో పంచారన్న ఆరోపణలు అన్ని పక్షాల మీదా వచ్చాయి. డబ్బు తమ ఊరికి అందలేదని జనం రోడ్డెక్కిన వార్తలూ వచ్చాయి. పట్నంలో కూర్చుని దీన్ని చూసినవాళ్లు పల్లె ఓటరు అమ్ముడుపోయాడని తేలిగ్గా తీర్పు చెప్పారు. ఆ తీర్పు సగమే నిజం. మూడున్నరేళ్లు పట్టించుకోని ప్రభుత్వం ఆ మూడు నెలల్లో రోడ్డు వేసింది, మండలం ఇచ్చింది, ఖాతాలో డబ్బు వేసింది. ఇక ఎమ్మెల్యే రాజీనామాతోనే పనులవుతాయని ఓటరు నేర్చుకుంటే ఆ పాఠం చెప్పింది ఎవరు? హుజూరాబాద్ ఉప ఎన్నిక ముందు దళితబంధు మొదలైనప్పుడే పక్క నియోజకవర్గాల్లో ‘మా ఎమ్మెల్యే కూడా రాజీనామా చెయ్యాలె’ అన్న మాట పుట్టింది. మునుగోడు ఆ మాటకు కొనసాగింపు.

టీఆర్ఎస్ గెలిచింది గానీ పదమూడు నెలల్లోనే అదే సీటు 40 వేల తేడాతో పోగొట్టుకుంది. రాష్ట్రమంతా కాంగ్రెస్ గాలి ఉండటం ఒక కారణం. రెండోది, ఉప ఎన్నికలో కట్టిన ఓటు ఇన్‌చార్జుల మంత్రాంగంతో కట్టింది, ఇన్‌చార్జులు ఊరు విడిచాక దాన్ని నిలబెట్టే సంస్థ లేదు.

బీసీల ఓటు, బీసీల సీటు

ఆరుగురు ఎమ్మెల్యేల పేర్లు మళ్లీ చదవండి. నాలుగు రెడ్డి, రెండు రావు. బీసీలు ఎక్కువున్న నియోజకవర్గంలో యాభై ఏళ్లకు పైగా ఒక్క బీసీ ఎమ్మెల్యే లేరు. ఇప్పటి చౌటుప్పల్ మండలంలోని చిన్నకొండూరు పేరుతో పూర్వం ఉన్న నియోజకవర్గానికి పద్మశాలీ అయిన కొండా లక్ష్మణ్ బాపూజీ ప్రాతినిధ్యం వహించారు. ఆ తర్వాత మునుగోడులో ఆ దారి మూసుకుపోయింది.

2022లో మూడు ప్రధాన పార్టీలూ రెడ్లనే నిలబెట్టాయి. బీఎస్పీ మాత్రం బీసీకి టికెట్టు ఇచ్చింది. భువనగిరి మాజీ ఎంపీ బూర నర్సయ్య గౌడ్ టీఆర్ఎస్‌ను విడిచి బీజేపీకి పోవడం, మరికొందరు బీసీ నాయకులు టీఆర్ఎస్‌లోకి రావడం అప్పుడే జరిగాయి. ప్రచారంలో బీసీ నాయకులకు గిరాకీ ఎక్కువ, టికెట్టు దగ్గరికొచ్చేసరికి కాదు. అభ్యర్థికి కావాల్సిన సొమ్ము, కాంట్రాక్టులు, తరతరాల పలుకుబడి ఎవరి దగ్గర పోగుపడ్డాయో పార్టీలకు తెలుసు. ఖర్చు పెరిగేకొద్దీ బీసీ అభ్యర్థి దూరమవుతాడు. డబ్బు సమస్య, ప్రాతినిధ్యం సమస్య వేరువేరని అనుకోవడం వల్లే రెండూ తీరడం లేదు.

మిగిలిన లెక్క

ఉప ఎన్నిక వల్ల మునుగోడుకు ఏమీ రాలేదనడం అన్యాయం. గట్టుప్పల్ మండలమైంది, 2023లో చండూరు రెవెన్యూ డివిజన్ అయింది, కొన్ని రోడ్లు పడ్డాయి. ఇవన్నీ ఒక జీవోతోనో ఒక టెండరుతోనో అయ్యే పనులు. జీవోతో కాని పనులు అలాగే ఉన్నాయి: డిండి, చర్లగూడెం, ఎస్ఎల్‌బీసీ, నిర్వాసితుల పరిహారం, ఫ్లోరైడ్ బాధితుల వైద్యం, చౌటుప్పల్ భూగర్భ జలాలు.

ఇక రాజకీయ చర్చ మళ్లీ పదవి చుట్టూ తిరుగుతోంది. మంత్రి పదవి ఇస్తామన్న మాట నిలబెట్టుకోలేదని 2025లో రాజగోపాల్ రెడ్డి తన పార్టీ మీదే అసంతృప్తి బయటపెట్టారు. ఆయన అన్న వెంకట్ రెడ్డి అదే మంత్రివర్గంలో ఉన్నారు. ఎమ్మెల్యేకు పదవి వస్తే నియోజకవర్గానికి నిధులొస్తాయన్న వాదన ఊళ్లలో చెల్లుతుంది. కానీ పదవులు వచ్చినప్పుడు కూడా ఈ జిల్లాలో సొరంగం పూర్తికాలేదని గుర్తుంచుకోవాలి.

మునుగోడు ఓటరు పార్టీని నమ్మి మోసపోయేవాడు కాదు. అరవై ఏళ్లలో కాంగ్రెస్‌ను, సీపీఐని, టీఆర్ఎస్‌ను గెలిపించి, అందరినీ ఓడించి చూశాడు. అతను చేయనిది ఒక్కటే: గెలిచినవాడిని మధ్యలో లెక్క అడగడం. గ్రామసభల్లో, మండల సమావేశాల్లో ఏడాదికోసారైనా ప్రతి ప్రాజెక్టుకు ఎంత భూమి తీసుకున్నారు, ఎంత పరిహారం ఇచ్చారు, కాలువ ఎక్కడి దాకా వచ్చింది అని రాతపూర్వకంగా అడగాలి. ఈ పని కమ్యూనిస్టులు మొదలుపెడితే వాళ్ల జెండాకు మళ్లీ పని దొరుకుతుంది, బీసీ సంఘాలు మొదలుపెడితే టికెట్టు అడిగే నైతిక బలం వస్తుంది. ఎవరు మొదలుపెట్టినా సరే, వచ్చే ఎన్నికల్లో మునుగోడుకు వచ్చే అభ్యర్థిని ఏ పార్టీ అని అడిగే ముందు చర్లగూడెం సంగతేమిటని అడగాలి.